ఆ లెక్క మా పుస్తకంలో లేదు

జూన్ నెల దగ్గర పడిందంటే మా తిరుపతిలో పుస్తకాల అంగళ్ళ ముందర అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళు కూడా వస్తారనుకోండి, బిల్లు కట్టడానికి. ఏ క్లాసుకి ఏ పుస్తకం, ఎవరికి ఎన్ని నోటుబుక్కులు, ఏ అట్టకి ఏ కాగితం అన్నది మాత్రం మన నెత్తినే ఉంటుంది. పోయినేడు నేనూ గాంధీ రోడ్డులో ఆ గుంపులో దూరి, ముగ్గురు పిల్లలకి మూడు లెక్కల ప్రాక్టీసు పుస్తకాలు కొనుక్కొచ్చాను. పెద్దవాడు ఎనిమిది, నడిపిది ఐదు, చిన్నవాడు రెండు. "పిల్లోళ్ళు వాళ్ళంతట వాళ్ళే చేసుకుంటారుమా, మీరు పక్కన కూర్చోబన్లేదు" అన్నాడు అంగడాయన. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను. మీరైనా పడిపోతారు. సాయంత్రం ఆరింటికి ఒక పక్క కుక్కరు, ఒక పక్క మంచినీళ్ళ కుళాయి, ఇంకో పక్క "అమా ఈ లెక్క ఎట్ల" అని మూడు గొంతులు. వాటిలో ఒక్కటి తగ్గినా చాలనుకునే ప్రాణం నాది.

తగ్గాయండీ. ఒకటి కాదు, మూడు గొంతులూ తగ్గాయి. ముగ్గురూ మూడు మూలల్లో కూర్చుని రాసుకునేవాళ్ళు. జవాబులు పుస్తకం చివర ఉన్నాయి కాబట్టి ఎవరి పుస్తకం వాళ్ళే దిద్దుకునేవాళ్ళు. మా నడిపిదాని పుస్తకమైతే పేజీ పేజీకీ ఎర్ర టిక్కులే. ఇంటికి వచ్చిన వాళ్ళకి తీసి చూపించాను కూడా.

సంక్రాంతి దాటాక ఒక రాత్రి పిండి అడుగంటి మూడే మూడు దోసెలు వచ్చాయి. తినాల్సింది నలుగురు, ముగ్గురు పిల్లలూ మా అత్తగారూ. "ఏమే, ఈ మూడూ నలుగురికీ సమంగా పెట్టు" అని నడిపిదానికి పళ్ళెం ఇచ్చాను. అది పళ్ళెం పట్టుకుని నిలబడింది. కాసేపు చూసి, "ఆ లెక్క మా పుస్తకంలో లేదుమా" అంది.

పెద్దవాడు తల ఎత్తకుండానే "త్రీ బై ఫోర్" అన్నాడు. "సరే, అట్లనే తుంచి పెట్టు" అంటే వాడూ దోసె వైపు అనుమానంగా చూశాడు. రెండో క్లాసు చదివే చిన్నవాడు మాత్రం లేచి వచ్చి రెండు దోసెల్ని సగానికి చించి తలా ఒక సగం వేశాడు. మూడోదాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒక ముక్క వేశాడు. మా అత్తగారు తన పళ్ళెం చూసుకుని, "అర్ధరూపాయా పావలా, ముప్పావలా. సరిపాయ" అని తినడం మొదలుపెట్టింది.

నవ్వుకోవలసిన సంగతే గానీ నాకు నవ్వు రాలేదు. నడిపిదాని పుస్తకం తీసి చూశాను. మూడుని నాలుగుతో భాగించే లెక్క ఉంది. ముప్పాతిక అని జవాబూ ఉంది, పక్కన ఎర్ర టిక్కూ ఉంది. పడుకునేటప్పుడు మెల్లగా అడిగితే చెప్పింది. ఆగస్టు నుంచీ వెనక పేజీ చూసి ఎక్కించుకుంటా ఉందట. "అడగకూడదా నన్ను?" అన్నాను. "నువ్వు పని చేస్తావుంటావు గదా. ఐనా నాకు లెక్కలు రావుమా. నీకూ రావు గదా" అంది.

ఆ చివరి మాట ఉంది చూశారూ, అది అద్దంలాగా తగిలింది. "నాకు లెక్కలంటే చిన్నప్పట్నించీ భయమండీ" అని నేను వచ్చిన వాళ్ళందరితో నవ్వుతూ చెప్పే మాట. పది పాసయి, లెక్కలు తప్పించుకోవడానికే ఇంటర్లో ఆర్ట్సు తీసుకున్న దాన్ని. నేను సరదాగా అనుకుంటూ వచ్చిన మాటని ఆ పిల్ల ఆస్తి పంచి ఇచ్చినట్టు దాచుకుంది. అన్నదమ్ములిద్దరికీ అంటని మాట దానికే ఎందుకు అంటిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆనాటి నుంచి ఈ 'వాళ్ళంతట వాళ్ళే చేసుకునే' సరుకుని కాస్త తీరిగ్గా చూడడం మొదలుపెట్టాను. నవలకి సమీక్ష రాస్తాం, సినిమాకి రాస్తాం, ఆఖరికి నాటకంలో తెర మీద బొమ్మకి కూడా రాస్తాం. పిల్లల చేతిలో ఏడాది పొడుగునా నలిగే లెక్కల పుస్తకానికి మాత్రం ఎవరూ రాయరేం? కాబట్టి ఈ వారం ఈ పేజీని నేను దానికే వాడుకుంటున్నాను.

ముందు మా ఇంట్లో పుస్తకం సంగతే చూద్దాం. ప్రచురణకర్త పేరెందుకు, ఇలాంటివి అన్నీ ఒక తల్లి పిల్లలే. కాగితం మంచిది, అచ్చు తప్పులు లేవు. లోపమల్లా పేజీ నెత్తిన ఉంది. 'భాగహారాలు' అని అచ్చు వేసి కింద ఇరవై భాగహారాలు ఇస్తారు. ఇక పిల్ల ఆలోచించడానికి ఏం మిగిలింది? ఇక్కడ కూడాలా, తీసెయ్యాలా, పంచాలా అని తేల్చుకోవడమే లెక్కలో అసలు పని. ఆ పని పుస్తకమే చేసి పెట్టి, మిగిలిన కూలిపని పిల్లకి అప్పగిస్తుంది. పళ్ళెంలో మూడు దోసెలకి నెత్తిన పేరు రాసి ఉండదు కదా! ఇక వెనక పేజీలో జవాబులు. తప్పయిందో లేదో అవి చెబుతాయి గానీ, ఎక్కడ తప్పిందో చెప్పవు. తెలియని పిల్లకి మిగిలేది ఎక్కించుకోవడమే.

రోజుకిన్ని కాగితాలు అని లెక్క పెట్టి చేయించే పద్ధతుల్లో ప్రపంచమంతా పేరు మోసింది జపానువాళ్ళ కుమోన్. దాని పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. తోరు కుమోన్ అని ఒసాకాలో హైస్కూలు లెక్కల మాస్టారు. 1954లో రెండో క్లాసు చదివే తన కొడుకు లెక్కల్లో వెనకబడ్డాడని, రోజూ వాడి కోసం చేత్తో లెక్కలు రాసి పెట్టేవాడు. నిన్నటిదాని కంటే ఇవాళ్టిది ఒక్క మెట్టు ఎక్కువ, అంతే. ఆ చిన్న చిన్న మెట్లలో గొప్ప తెలివి ఉంది, కాదనలేను. మా చిన్నవాడిలాంటి వాళ్ళకి కూడికలు చేతికి అలవాటు కావాలంటే అంతకంటే మంచి దారి లేదేమో కూడా. కానీ ఆ తండ్రి నిన్నటి కాగితం చూసి ఇవాళ్టి కాగితం రాసేవాడు. దేశదేశాలకీ కాగితాలు వెళ్ళాయి. ఆ తండ్రిని కట్ట కట్టి పంపడం ఎవరికి సాధ్యం?

మరి తప్పు ఎక్కడ జరిగిందో వస్తువే చెప్పే మార్గం లేదా అంటే ఉంది. మనకి దగ్గరలోనే, మద్రాసు అడయారుకి 1939లో మరియా మాంటిస్సోరి వచ్చారు. యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆవిడ తయారు చేయించిన వాటిలో ఒక చెక్క దిమ్మ ఉంటుంది. దానికి పది గుంటలు, వాటిలో పట్టే పది గుండ్రటి చెక్కముక్కలు. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఇంకోటి పట్టక మిగిలిపోతుంది. ఎవరూ "తప్పు" అనక్కర్లేదు, ఎర్ర సిరా అక్కర్లేదు. పిల్లే మొదట్నుంచీ తీసి మళ్ళీ పెట్టుకుంటుంది. ఈ ఒక్క గుణం చాలు, నా దృష్టిలో ఆవిడ గొప్పతనానికి. ఆ సామానంతా కొనాలంటే మాత్రం మన నెల జీతాలు చాలవు. అదేమిటో గానీ, ఆ సంగతి చదివాక మా అత్తగారి పాత ఇత్తడి కొలతలు గుర్తొచ్చి అటక మీద నుంచి దింపాను. సేరు, అరసేరు, పావుసేరు. పావుసేరు రెండుసార్లు పోస్తే అరసేరు నిండాలి. మూడోసారి పోస్తే బియ్యం నేల మీదే. నేల ఊడ్చిన వాళ్ళకి భిన్నాలు మర్చిపోవడం కష్టం.

కొలతల మాట వచ్చింది కాబట్టి పెద్ద బాలశిక్షని కూడా తలుచుకోవాలి. అక్షరాలు, ఎక్కాలు, కొలతలు, నీతులు, తిథులు, నక్షత్రాలు అన్నీ ఒకే అట్టలో పెట్టిన పుస్తకం. ఇంట్లో ఎంతమంది ఉన్నా అదొక్కటే ఉండేది. ఎవరి వయసుకి తగ్గ పేజీ వాళ్ళు తీసుకునేవాళ్ళు. ఇప్పటి పిల్లలకి అందులో సగం కొలతలు పనికిరావు, నిజమే. బట్టీ పట్టించే గుణం కూడా ఎక్కువ. అయినా అన్న చదివే పేజీ తమ్ముడి కంట పడడం అనే లాభం ఒకటి ఉంది, అది ఇప్పటి మూడు విడి పుస్తకాల్లో పోయింది.

లెక్కకి రుచి ఉండాలన్న సంగతి మన పెద్దలకి తెలియనిది కాదు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితాన్ని పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లో పెట్టాడు. 1150లో భాస్కరుడు రాసిన లీలావతిలో లెక్కలు ఒక అమ్మాయిని పిలిచి అడుగుతున్నట్టే ఉంటాయి. తొమ్మిది వందల ఏళ్ళ కిందట లెక్క అడగడానికి అమ్మాయి పనికి వచ్చింది, మనం మాత్రం ఇంటర్లో ఆర్ట్సు తీసుకున్నాం. సరే, ఇవాళ ఐదో క్లాసు పిల్లకి పద్యం విప్పి చెప్పడానికే ఒక మనిషి కావాలి కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేస్తాను.

మా పెద్దవాడికి ఎవరో శకుంతలాదేవి పొడుపు లెక్కల పుస్తకం ఇచ్చారు. 1976లో వచ్చిన 'పజిల్స్ టు పజిల్ యు'. దీనికీ వెనక జవాబులు ఉన్నాయి. కానీ వాడు వెనక్కి తిప్పడు! తమ్ముడు తిప్పి చూసి చెప్పబోతే చెవులు మూసుకుంటాడు. నాకు అప్పుడు తట్టింది. ప్రాక్టీసు పుస్తకంలో జవాబే సరుకు, అందుకే పిల్లలు దొంగిలిస్తారు. పొడుపు లెక్కలో జవాబు ముందే తెలిస్తే ఆటే చెడిపోతుంది. కొనేముందు పుస్తకం తీసి ఈ ఒక్కటీ చూసుకోండి, చివరి పేజీ చూడాలని పిల్లకి అనిపిస్తుందా, చూడకూడదని అనిపిస్తుందా? ఆవిడ పుస్తకానికి నా ఫిర్యాదు ఒకటే. ఇంగ్లీషు బాగా వచ్చిన పెద్ద పిల్లలకే అది. చిన్నవాళ్ళకి అందులో చోటు లేదు.

2005లో జాతీయ పాఠ్యప్రణాళిక మారాక ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు ఒకటి నుంచి ఐదో క్లాసు దాకా 'మ్యాథ్ మ్యాజిక్' అని తెచ్చారు. 2023 నుంచి వాటి స్థానంలో వేరే పుస్తకాలు వచ్చాయి గానీ, పాతవి దొరికితే వదలకండి. నాలుగో క్లాసు పుస్తకంలో పట్నాలో పాత సామాన్ల అంగడి నడుపుకునే కిరణ్ అనే ఆవిడ మీద ఒక పాఠం ఉంది. అప్పు తీసుకుంటుంది, సరుకు కొంటుంది, లాభం చూసుకుంటుంది. లెక్కల పుస్తకంలో ఆడమనిషి వ్యాపారం చేయడం చూసి నాకే ముచ్చటేసింది. ఇంత మంచి పుస్తకానికి అంగడాయన చెప్పిన గుణం మాత్రం లేదు. "మీ ఇంట్లో అడిగి తెలుసుకోండి, మీరేమంటారు" అనే ధోరణి ప్రశ్నలు ఎక్కువ. పిల్లని ఒంటరిగా మూల కూర్చోబెట్టడానికి ఇది పనికిరాదు. మొదట్లో దీన్ని లోపమనే రాసుకున్నాను. ఇప్పుడు కొట్టేశాను.

మన రాష్ట్రంలో సర్కారు బడి పుస్తకాలకి 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వేస్తున్నారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యకండి. మా పెద్దవాడు ఎల్సీఎమ్ అంటే నేను బిక్కమొహం వేసేదాన్ని. ఎదురు పేజీ చూస్తే అది మన క.సా.గు.! చిన్నప్పటి చుట్టం ఫ్యాంటూ షర్టూ వేసుకుని వచ్చినట్టయింది. ఇంగ్లీషు మీడియం పిల్లకీ తెలుగు మీడియం తల్లికీ నడుమ ఇంత చవకైన వంతెన ఇంకోటి లేదు. ప్రైవేటు బడిలో చదివే పిల్లలున్న ఇంట్లో కూడా ఒక కాపీ ఉంచుకోవడం మంచిది.

ఇంతకీ నా బాధ ఒక పుస్తకం మంచిదా చెడ్డదా అని మాత్రమే కాదు. ఒకే హాల్లో ఎనిమిదీ ఐదూ రెండూ ఉన్నాయి, చూసే మనిషి ఒక్కతే. ఈ బాధ నా ఒక్కదానిదే అనుకున్నాను గానీ, మన పల్లెల్లో ఒకే టీచరు ఉన్న బడి అంటే అదే కదా! ఆ ముడిని విప్పే ప్రయత్నం గట్టిగా జరిగింది కూడా మన వైపే. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ బడి సంగతి మీకు తెలిసిందే. ఆయన పుట్టింది కూడా మదనపల్లెలోనే, 1895లో. ఆ బడి ఆధ్వర్యంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల చిన్న బళ్ళ కోసం 1980ల చివరి నుంచి ఒక పద్ధతి తయారు చేశారు. పెట్టెలో బడి అని దానికి పేరొచ్చింది.

అందులో క్లాసుకో పుస్తకం ఉండదు. పాఠాన్ని ముక్కలు చేసి కార్డులు చేశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లే చూసుకుని తన కార్డు తనే తెచ్చుకుంటుంది. కార్డు మీద ఉండే గుర్తుని బట్టి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. కొత్త సంగతి మొదలుపెట్టే పిల్లలు టీచరు దగ్గర. కొంచెం అర్థమైన వాళ్ళు తోటి పిల్లల దగ్గర. పూర్తిగా వచ్చిన వాళ్ళు ఒంటరిగా. తర్వాత తేలిందా లేదా చూసుకునే కార్డు వేరే, తేలకపోతే సాయానికి ఇంకో కార్డు వేరే.

ఈ వరస చదివినప్పుడు నేను చేసిన తప్పేమిటో నాకు తెలిసింది. ఒంటరిగా చేయడం అక్కడ చివరి గుంపు. నేను దాన్ని మొదటి రోజే పెట్టాను. భిన్నం అంటే ఏమిటో తెలియని పిల్లని తీసుకెళ్ళి, అన్నీ తెలిసిన వాళ్ళు కూర్చునే చోట కూర్చోబెట్టి, తలుపు వేసి వంటింట్లోకి వచ్చేశాను. పైగా ఆ మధ్య గుంపు, తోటి పిల్లల గుంపు, మా ఇంట్లో దేవుడిచ్చినట్టు ఉంది. ముగ్గురినీ మూడు మూలలకి తోలి దాన్ని నేనే చెడగొట్టాను.

ఆ పల్లె బళ్ళలో లెక్కల సంత కూడా జరుపుతారు. పిల్లలే అంగళ్ళు పెట్టి ఊరివాళ్ళ ఎత్తులూ బరువులూ కొలుస్తారు, బేరాలు చేస్తారు. కర్ణాటకలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు వచ్చి చూసి వెళ్ళి 1995లో 'నలి కలి' అని మొదలుపెట్టారు. ఆ తర్వాత మద్రాసు కార్పొరేషన్ బళ్ళూ ఇదే దారి పట్టాయి. పక్కింటి పుల్లకూర రుచి అన్నట్టు, మన ఊరి కార్డుల గురించి నాకు తెలిసింది మద్రాసు చుట్టాల నోట విన్నాకే.

ఈ పద్ధతికీ వంక లేకపోలేదు. కార్డులు చిన్న క్లాసుల వరకే, మా పెద్దవాడికి పనికిరావు. పెట్టెలో కార్డు ఒకటి పోయిందంటే నిచ్చెనలో మెట్టు విరిగినట్టే. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసే టీచరు చురుగ్గా లేకపోతే పిల్లలు ఒకే మెట్టు మీద ఊగుతూ కూర్చుంటారు. అంటే ఇక్కడా మనిషి కావాల్సిందే. కాకపోతే రోజంతా అక్కర్లేదు, ఎక్కడ కావాలో అక్కడ కావాలి. వంటింట్లో పని ఉన్న మనిషికి ఇది పెద్ద వరం.

అంగట్లో దొరకని పుస్తకం ఒకటి మా ఊళ్ళోనే ఉంది. అలిపిరి మెట్లు. 3550 అని చెబుతారు. మొన్న వేసవిలో ముగ్గురినీ నడిపించుకుని వెళ్ళాను. చిన్నవాడు ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు వందల దగ్గర తప్పాడు. నడిపిది నూరు మెట్లకి ఒక గీత చొప్పున చేతి మీద పెన్నుతో గీసుకుంది. గాలిగోపురం దాకా గీతలు తడబడకుండా వచ్చాయి. పెద్దవాడు ఒక మెట్టు ఎత్తు జానతో కొలిచి మొత్తం ఎత్తు చెప్పబోయాడు. "అన్ని మెట్లూ ఒకటే ఎత్తు ఉండాయా?" అని అడిగింది నడిపిది. వాడు ఆగాడు. ఆ పిల్ల లెక్కల్లో అన్నని ప్రశ్న అడగడం నేను చూడడం అదే మొదటిసారి.

ఈ జూన్‌లో మూడు పుస్తకాలు కొనలేదు. పెద్దవాడికి బడి పుస్తకం చాలు, పొడుపు లెక్కలు ఎలాగూ ఉన్నాయి. చిన్నవాడికి చవక ప్రాక్టీసు పుస్తకం ఒకటి కొన్నాను, వెనక పేజీలు చింపి నా దగ్గర పెట్టుకుని. పలకలు రెండు. సాయంత్రం అరగంట ముగ్గురూ హాల్లో ఒకే చాప మీద కూర్చోవాలి, అదొక్కటే షరతు. గోల ఉంటుంది. కుక్కరు విజిళ్ళు ఎన్ని వచ్చాయో కూడా వినిపించవు ఒక్కోసారి. "నాకు లెక్కలు రావు" అనే మాట మాత్రం నేను నోట రానివ్వడం లేదు. రానప్పుడు "ఇది నాకు ఇంకా తెలియలేదు, నువ్వు చెప్పు" అంటున్నాను. మొదట్లో సిగ్గేసింది.

మొన్న నడిపిది పలక మీద తనంతట తను ఒక లెక్క రాసి వంటింటి గడప మీద పెట్టింది. ఐదు దోసెలు, ముగ్గురు మనుషులు. చిన్నవాడు తలా ఒకటి పంచి, మిగిలిన రెండింటినీ సగాలు చేసి, నాలుగో సగం ఎవరిదని కొట్లాట పెట్టాడు. మా అత్తగారికి డెబ్బై ఎనిమిది. చిన్నతనంలో అణాలు చూసిన మనిషి. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మల్లెలు కడుతూ, వేళ్ళు మడిచి, "ఐదు రూపాయలు ముగ్గురికంటే తలా ఒక రూపాయి పదణాల ఎనిమిది పైలు" అంది.

"పై అంటే ఏంది అవ్వా?" అంది నడిపిది.

పెద్దవాడు బడిసంచి తగిలించుకుంటూ, "ఇరవై రెండు బై ఏడు" అన్నాడు.

"ఏడుగురు ఎవురురా, ముగ్గురికి గదా పంచింది?" అంది మా అత్తగారు.